ఎడారి బండల నడుమ ఇంటిబండిలో

ఆస్ట్రేలియా దేశపు పటమును ఒకసారి తెరచి చూడండి. పేరుగల పట్టణములలో ఎక్కువభాగము చీరకు అంచువలె సముద్రపు ఒడ్డునే చుట్టూ ఉంటాయి. నడుమ ఉన్నదంతా ఎర్రమట్టి, పొదలు, ఎడారి. ఆ ఎడారిలో, కనుచూపుమేర చదునుగా ఉన్న నేలలోనుండి ఒక బండ లేచి నిలుచున్నది. పాత భూగోళ పుస్తకములలో దాని పేరు అయ్యర్స్ రాక్. 1873లో విలియం గాస్ అనే అన్వేషకుడు దానిని చూచి, అప్పటి దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వ పెద్దలలో ఒకడైన సర్ హెన్రీ అయ్యర్స్ పేరు పెట్టాడు. అయితే అంతకు వేల సంవత్సరముల ముందునుండి ఆ చోట నివసించుచున్న అనంగు ప్రజలు దానిని పిలిచే పేరు ఉలూరు. ఇప్పుడు ప్రభుత్వ కాగితములలో కూడా ఉలూరు అన్న పేరే ముందు ఉంటుంది.

2023 జూలైలో ఆ బండను చూచే భాగ్యము మాకు కలిగినది. నిజానికి ఆ ప్రయాణము మా వదినగారిది, అన్నగారిది. వదినగారు అంటే నా భార్యకు అక్క. అడిలైడులో వృద్ధుల గృహములో నర్సుగా పని చేస్తున్నారు. అన్నగారు సిటీ బస్సు నడుపుతారు. ఇరవై ఏళ్ళుగా "వచ్చే ఏడు వెళ్దాము" అని వాయిదా వేస్తూ వచ్చిన ప్రయాణము. మేము చూడవచ్చిన చుట్టములము గనుక వెంట వెళ్ళాము.

వాయిదా వేయడము మాని ఈసారి బయలుదేరడానికి కారణము మా మామగారు. ఆయన గూడూరు ప్రాంతములో మిషను బడి ఉపాధ్యాయుడు, భూగోళము చెప్పేవారు. పాత క్యాలెండరునుండి కత్తిరించిన ఉలూరు బొమ్మ ఒకటి తరగతి గోడకు అంటించి, "ఇది కొండ కాదర్రా, ఒకటే రాయి" అని పిల్లలకు చూపేవారట. 2021 మే నెలలో, కరోనా రెండవసారి విజృంభించినప్పుడు, ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆ దినములలో ఆస్ట్రేలియావారు ఇండియానుండి వచ్చే విమానములను ఆపివేశారు. అక్కడినుండి బయటికి వెళ్ళడానికి కూడా ప్రత్యేక అనుమతి కావాలి. వదినగారు సమాధి కార్యక్రమమును ఫోనులో చూచారు. ఇక్కడ మేము ఏడుగురమే ఉన్నాము. ప్రార్థన నేనే చేశాను. నాన్న చూపించిన ఆ బండనుండి ఒక చిన్న రాయి తెచ్చి ఆయన సమాధిమీద పెట్టాలని అప్పటినుండి ఆమె మనస్సులో ఉన్నది. కూతురికి ఆ మాత్రము కోరిక ఉండడము తప్పని ఎవరము అనగలము?

కారవాన్ అంటే ఏమిటో మన గ్రామ కుటుంబములకు కొంచెము చెప్పాలి. మన తాతల కాలములో దూరపు పెండ్లిండ్లకు, మహాసభలకు గూడుబండి కట్టుకొని, వంటపాత్రలు, పరుపుచుట్టలు వేసుకొని వెళ్ళేవారు కదా. ఇదీ అంతే. ఎడ్లకు బదులు కారు. గూడుబండికి బదులు రేకుతో చేసిన గది. అన్నగారి కారవాన్ పాతది, పదిహేడు అడుగుల పొడవు. లోపల రెండు మంచములు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు, మడత బల్ల. కారు వెనుక ఉన్న ఇనుప గుండుకు దీని ముక్కును తగిలించి, గొలుసులు వేసి, లైట్ల తీగ కలుపుతారు. బరువు సర్దడమే అసలు విద్య. వెనుక బరువు ఎక్కువైతే వేగముగా పోయేటప్పుడు కారవాన్ పాము తోకవలె అటూ ఇటూ ఊగి కారునే బోల్తా కొట్టిస్తుంది. అందుకని బియ్యపు సంచి, నీళ్ళ డబ్బాలు ఇరుసు మీదికి వచ్చేటట్లు పెట్టించారు అన్నగారు. వదినగారు గోంగూర పచ్చడి జాడీని ఎక్కడ పెట్టారో మాత్రము ఆయనకు చెప్పలేదు.

రాత్రిపూట కారవాన్ పార్కులలో దిగుతారు. డబ్బు కడితే ఒక చోటు, కరెంటు ప్లగ్గు, నీళ్ళ కుళాయి ఇస్తారు. స్నానపు గదులు అందరికీ కలిపి ఉంటాయి, ఎంతో శుభ్రముగా. మరుగుదొడ్డి డబ్బాను నింపినవారే తీసుకువెళ్ళి నిర్ణీత స్థలములో పారబోసి కడగాలి. అక్కడ డాక్టరైనా, ప్లీడరైనా ఆ డబ్బాను స్వయముగా మోసుకుపోవలసినదే. నేను దీనిని ఎంతో సంతోషముతో గమనించాను.

అడిలైడునుండి ఉలూరుకు దాదాపు 1,600 కిలోమీటర్లు. పోర్ట్ ఆగస్టా దాటిన తరువాత స్టువర్ట్ హైవే మీద ఉత్తరముగా పోవడమే. 1862లో దక్షిణపు ఒడ్డునుండి ఉత్తరపు ఒడ్డుకు దేశము నడుమగుండా దారి కనుగొని, ప్రాణములతో తిరిగివచ్చిన జాన్ మెక్‌డూవల్ స్టువర్ట్ పేరు ఆ రోడ్డుకు పెట్టారు. పదేండ్లకు అదే దారి ప్రాంతములో టెలిగ్రాఫు తీగ వేశారు. తారు రోడ్డు పూర్తి అయినది మాత్రము 1980లలోనే. ఇప్పటికీ ఒకచోట సుమారు 250 కిలోమీటర్ల మేర పెట్రోలు బంకు లేదు. సాయంకాలము చీకటి పడకముందే ఆగిపోవాలి, ఎందుకనగా కంగారూలు చీకట్లో రోడ్డుమీదికి దూకుతాయి. రోడ్డు రైళ్ళు అని పిలువబడే లారీలు ఎదురువస్తాయి. ఒకే లారీకి మూడు నాలుగు పెట్టెలు తగిలించి, యాభై మీటర్లకు పైగా పొడవు ఉంటుంది. అది ప్రక్కనుండి పోయినప్పుడు ఆ గాలికి కారవాన్ ఒక్కసారి లోపలికి లాగినట్లు అవుతుంది. అన్నగారు స్టీరింగు గట్టిగా పట్టుకొని ఏమీ మాట్లాడేవారు కాదు. వెనుక సీటులో నా భార్య "స్తోత్రము, స్తోత్రము" అంటూ ఉండేది.

రెండవ రాత్రి కూబర్ పీడీలో దిగాము. ఇది ఓపల్ అనే విలువైన రాళ్ళ గనుల ఊరు. 1915లో తండ్రితోకూడ బంగారము వెదకుటకు వచ్చిన పద్నాలుగేండ్ల బాలుడు, విల్లీ హచిసన్, ఓపల్ ముక్కను చూచాడు. అక్కడినుండి ఆ ఊరు పుట్టినది. వేసవిలో వేడికి తాళలేక జనులు కొండలలో గదులు తొలుచుకొని నివసిస్తారు. బయట 40 డిగ్రీలు దాటినా లోపల చల్లగానే ఉంటుంది. మందిరములు కూడా నేలక్రింద ఉన్నాయి. సెర్బియా ఆర్థడాక్స్ వారి మందిరము లోపలికి దిగి చూచాము. గోడలమీద పరిశుద్ధుల రూపములు రాతిలోనే చెక్కారు. గుహలో పలికిన చిన్న మాట కూడా మెల్లగా చుట్టి తిరిగి వస్తుంది. గనుల గోతుల దగ్గర మాత్రము "వెనుకకు నడవవద్దు" అని బోర్డులు ఉన్నాయి. ఫోటోకొరకు వెనుకకు జరుగుతూ గోతిలో పడతారని.

మూడవ నాడు ఎర్ల్‌డండా దగ్గర పెద్ద రోడ్డు విడిచి పడమటికి తిరిగాము. కొంత దూరము పోయేసరికి నా భార్య "అదిగో బండ!" అని కేకవేసింది. ఎడమవైపున పెద్ద కొండ, పైభాగము బల్లవలె చదునుగా ఉన్నది. అన్నగారు నవ్వారు. అది కానర్ కొండ, వచ్చే ప్రతి వాహనములోను ఒకరు ఇలాగే కేకవేస్తారట. అసలు బండ కనబడడానికి ఇంకా గంటకు పైగా పట్టింది. కనబడిన తరువాత ఎవరమూ కేకవేయలేదు.

ఉలూరు ఎత్తు 348 మీటర్లు, చుట్టుకొలత సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. అంకెలు ఇలా చెబితే పెద్ద కొండవలె తోచదు. అయితే చుట్టూ దానికి తోడు ఒక గుట్ట అయినా లేదు గనుక ఆకాశమంతా అదే నిండినట్లు ఉంటుంది. శాస్త్రజ్ఞులు చెప్పేది ఏమనగా, ఒకప్పుడు అక్కడి ఉన్నతమైన పర్వతములు అరిగి, కొట్టుకువచ్చిన ఇసుక పొరలు పొరలుగా పేరి, గట్టిపడి ఇసుకరాయి అయినది. తరువాత భూమి ఒత్తిడికి ఆ పొరలు పక్కకు తిరిగి దాదాపు నిలువుగా లేచాయి. దగ్గరనుండి చూస్తే పుస్తకమును నిలబెట్టినప్పుడు కాగితముల అంచులు కనబడినట్లు నిలువు గీతలు తెలుస్తాయి. మనకు కనబడేది పైభాగమే. నేలలోపల ఇంకా కిలోమీటర్ల లోతు ఉన్నదంటారు. దీనికంతటికీ యాభై కోట్ల సంవత్సరములకు పైగా పట్టినదని అక్కడి పలకమీద వ్రాయబడి ఉన్నది. ఈ లెక్కమీద మన సంఘములలో కొందరు సహోదరులు నాతో వాదమునకు రావచ్చును. వచ్చినప్పుడు చూచుకుందాము. ఎరుపు విషయము మాత్రము తేలిక: రాతిలోని ఇనుము తుప్పు పట్టుటవలన పైన ఎరుపు, గుహలలో తుప్పు పట్టనిచోట బూడిద రంగు. సూర్యుడు అస్తమించేటప్పుడు అది నిప్పుకణికవలె వెలిగి, అరగంటలో ఊదారంగుకు మారి, ఆరిపోయిన పొయ్యివలె అయిపోయినది.

ఆ జాతీయవనము లోపల రాత్రి బస చేయనివ్వరు. బయట యులారా అనే ఊరిలో కారవాన్ నిలిపాము. జూలై అక్కడ చలికాలము. పగలు హాయిగా ఉంటుంది కాని రాత్రి గడ్డకట్టే చలి. నాకు రెండు దుప్పట్లు చాలలేదు.

మరునాడు బండ చుట్టూ నడిచాము. ఆ దారి పది కిలోమీటర్లకు పైగా. వదినగారి మోకాళ్ళు బాగోలేవు గనుక ఆగి ఆగి నడిచాము. ఒకచోట బండమీద నిలువుగా పైకి పోయే తెల్లని గీత కనబడింది. అది మనుష్యుల పాదములు అరగదీసిన గీత. ఎన్నో ఏండ్లు యాత్రికులు అటుగానే ఎక్కేవారు. పట్టుకొనుటకు గొలుసు కూడా ఉండేది. అది తమకు పవిత్రమైన స్థలమనీ, దయచేసి ఎక్కవద్దనీ అనంగు పెద్దలు ఎంతో కాలము అడిగారు. 1985 అక్టోబరు 26న ప్రభుత్వము ఆ భూమిని వారికి తిరిగి ఇచ్చివేసినది. వారు దానిని వనముగా ఉంచుటకు 99 సంవత్సరములకు ప్రభుత్వానికే కౌలుకు ఇచ్చారు. అయినా ఎక్కడము ఆగలేదు. ముప్పై మందికి పైగా ఎక్కుతూ జారిపడియో, గుండె ఆగియో మరణించారు. చివరకు 2019 అక్టోబరు 26నుండి ఎక్కుట నిషేధించి, గొలుసు తీసివేశారు. అన్నగారు ఆ గీతవైపు చాలాసేపు చూచి, "మనము నాలుగేండ్లు ముందు వచ్చి ఉంటే ఎక్కేవాళ్ళము" అన్నారు. "మీ గుండెకు స్టెంటు వేసి ఐదేండ్లు" అన్నది వదిన.

నడిచే దారిలో కొన్నిచోట్ల ఫోటోలు తీయవద్దని బోర్డులు ఉన్నాయి. అక్కడి బండమీది గుర్తులు తమకు పరిశుద్ధ లేఖనములవంటివని అనంగువారు వాటిలో తెలియజేశారు. అవి చూడవలసిన చోటనే చూడాలి, చెప్పవలసినవారే చెప్పాలి అని. వారి నమ్మకము మన నమ్మకము కాదు. బండకు మ్రొక్కమని వారు మనలను అడుగుటలేదు కూడా. అతిథి ఇంటివారి మాట వినాలన్నదే అక్కడ విషయము. నేను కెమెరా మూసి పెట్టాను. నా ప్రక్కన నడుస్తున్న ఒక యాత్రికుడు అటూ ఇటూ చూచి తీసుకున్నాడు. ముటిజులు అనే నీటిమడుగు దగ్గర మాత్రము అందరమూ కూర్చున్నాము. అంత ఎండిన దేశములో బండ నీడను నిలిచిన నీళ్ళు! వాన కురిస్తే బండమీదనుండి డజన్లకొలది జలధారలు దూకుతాయట. మాకు వాన దొరకలేదు.

ఆ మడుగు దగ్గరే వదినగారు దారిప్రక్కన బొటనవ్రేలంత ఎర్రని రాయి తీసుకున్నారు. చేతిరుమాలులో కట్టి సంచిలో పెట్టుకున్నారు. ఎవరమూ ఏమీ అనలేదు.

మరునాటి ఉదయము అనంగువారి సాంస్కృతిక కేంద్రము చూడబోయాము. అక్కడ ఒక విషయము తెలుసుకున్నాము. ఉలూరునుండి రాళ్ళు, ఇసుక తీసుకువెళ్ళినవారు ఏండ్ల తరువాత వాటిని పోస్టులో తిరిగి పంపుతూ ఉంటారు, లోకములోని అనేక దేశములనుండి. వాటికి "క్షమాపణ రాళ్ళు" అని పేరే పడినది. వాటితో ఉత్తరములు కూడా ఉంటాయి. కొందరు రాయి తెచ్చిన నాటినుండి కీడు కలిగినదని వ్రాస్తారు. రాతివలన కీడు కలుగునని మనము నమ్మము. మరికొందరు అటువంటిదేమీ చెప్పక, మాది కానిది తీసుకున్నాము, మన్నించండి అని మాత్రము వ్రాస్తారు. నన్ను తాకినవి ఆ రెండవ రకము ఉత్తరములే. తిరిగి వచ్చిన రాయి ఎక్కడిదో తెలియదు గనుక దానిని సరిగా తన చోట పెట్టడము కూడా కుదరదు.

వదినగారు ఇదంతా నిలబడి చదివారు. కారు దగ్గరకు వచ్చి ఏడ్చారు. అన్నగారికి కోపము వచ్చింది. "ఇంత ఎడారిలో ఒక్క గులకరాయికి ఎవరు లెక్క అడుగుతారు? టిక్కెట్టు కొన్నాము కదా" అన్నారు. ఆ టిక్కెట్టు సొమ్ములో నాలుగవ వంతు అనంగువారికి పోతుందన్నది నిజమే. కాని వనములోనుండి రాయి తీయుట చట్టప్రకారము కూడా నేరమే, జరిమానా ఉంటుంది. వదినగారు లోపలికి పోయి, అక్కడ పని చేసే ఒక అమ్మాయిని అడిగారు: మా నాన్న సమాధికొరకు, ఒక్కటి. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా విన్నది. "ఇవ్వడానికి అది నాది కాదు" అన్నది.

ముటిజులు మడుగు దగ్గరకు తిరిగి వెళ్ళాము. రాయి తీసిన చోటు ఆమెకు గుర్తున్నది. పెట్టి వచ్చారు. కారులో ఒక గంట ఎవరమూ మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నము కాటా జూటా చూచాము. ఉలూరుకు పడమట, రోడ్డుమీద యాభై కిలోమీటర్ల దూరములో ముప్పై ఆరు గుండ్రని బండలు గుంపుగా ఉంటాయి. ఆ పేరుకు "అనేక తలలు" అని అర్థము. అన్నిటికంటె ఎత్తైనది నేలనుండి 546 మీటర్లు, అంటే ఉలూరుకంటె ఎత్తు. దీని రాయి వేరు: గులకరాళ్ళు, గుండ్లు కలిపి కాంక్రీటు పోసినట్లు ఉంటుంది. రెండు బండల నడుమ ఉన్న వాల్పా లోయలోనికి నడిచాము. గాలి హోరు ఎక్కువ. నిజము చెప్పాలంటే నాకు ఉలూరుకంటె ఇదే నచ్చినది. అయితే ఆ రోజు మాలో ఎవరికీ మనస్సు అక్కడ లేదు.

అక్కడినుండి 450 కిలోమీటర్లు ప్రయాణించి ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణము చేరాము. నా స్వంత ఆశ ఒకటి అక్కడ ఉన్నది, జాన్ ఫ్లిన్‌గారి సమాధి చూడాలని. ఈయన ప్రెస్బిటీరియన్ దైవసేవకుడు. వైద్యము లేక ఎడారిలో చనిపోతున్న కుటుంబములను చూచి, 1912లో ఆస్ట్రేలియన్ ఇన్‌లాండ్ మిషన్ ప్రారంభించారు. 1928లో విమానములో డాక్టరును రోగి దగ్గరకు పంపే సేవ మొదలుపెట్టించారు. కరెంటు లేని ఇండ్లవారు కబురు చేయుటకు, కాళ్ళతో తొక్కితే పనిచేసే రేడియోను ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే ఆయన తయారుచేశాడు. ఆ విమాన వైద్యసేవ ఇప్పటికీ నడుస్తున్నది. ఆస్ట్రేలియావారి ఇరవై డాలర్ల నోటుమీద ఫ్లిన్‌గారి ముఖము ఉంటుంది. ఒక పాస్టరు ముఖము నోటుమీద!

1951లో ఆయన మరణించగా, ఆయన అస్థికలను ఆలిస్ స్ప్రింగ్స్ బయట గిల్లెన్ కొండ పాదమున ఉంచారు. ఆయనను ప్రేమించినవారు, ఆ ఎడారికి తగిన గురుతుగా ఉండాలని, ఉత్తరముగా సుమారు 400 కిలోమీటర్ల దూరములోని డెవిల్స్ మార్బుల్స్ అనే చోటనుండి పెద్ద గుండ్రాయి ఒకటి లారీమీద తెచ్చి సమాధిమీద నిలిపారు. డెవిల్స్ మార్బుల్స్ అంటే సైతాను గోళీలు. తెల్లవారు పెట్టిన పేరు అది. ఆ స్థలపువారు పిలిచేది కార్లు కార్లు. ఆ రాయి అక్కడి కైతిచ్, వరుముంగు స్త్రీలకు పవిత్రమైనది. తీసుకువెళ్ళేటప్పుడు వారిని ఎవరూ అడుగలేదు. సమాధి ఉన్నదేమో ఇంకొక తెగవారైన అరెర్న్‌టే ప్రజల భూమిలో. ఒకరి పవిత్రమైన రాయి మరొకరి నేలలో నిలిచినందుకు వారికీ ఇబ్బందియే. ఎన్నో ఏండ్లు మాటలు నడిచిన పిమ్మట 1999లో ఆ రాయిని తిరిగి తీసుకువెళ్ళి తన చోట పెట్టారు. దాని బదులు అరెర్న్‌టేవారు తమ భూమినుండి వేరొక రాయిని ఇచ్చారు. ఇప్పుడు ఫ్లిన్‌గారి మీద ఉన్నది ఆ రాయియే.

నేను ఈ సంగతి ఆ సమాధి దగ్గరే వదినగారికి చదివి వినిపించాను. ఆమె కొంచెముసేపు ఊరకుండి, "ఆయనకు మాత్రము బదులు రాయి ఇచ్చారు కదా" అన్నారు. నాకు జవాబు తోచలేదు. నా భార్య ఆమె చెయ్యి పట్టుకొని, "అక్కా, నాన్నకు మన కడప బండ వేయించాము. ఆయన పేరు, పుట్టిన తేదీ చక్కగా చెక్కారు. నీవు ఇంకా చూడనే లేదు" అన్నది.

ఆలిస్ స్ప్రింగ్స్‌కు పడమట దాదాపు 130 కిలోమీటర్ల దూరములో హెర్మన్స్‌బర్గ్ అనే గ్రామము ఉన్నది. ఒక పూట అక్కడికి వెళ్ళి వచ్చాము. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్‌వారు పంపిన లూథరన్ మిషనెరీలు గొర్రెల మందలతో దక్షిణమునుండి బయలుదేరి, కరవు వలన దారిలో నెలలకొలది ఆగి, ఇరవై నెలలకు, 1877 జూన్‌లో అక్కడికి చేరారు. మన సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతములకు 1860లలో ఆగస్ట్ మైలియస్‌గారిని పంపినది కూడా అదే హెర్మన్స్‌బర్గ్ మిషన్. మన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘమునకు, ఎడారిలోని ఆ అరెర్న్‌టే సంఘమునకు వేరు ఒకటే. సున్నము కొట్టిన ఆ పాత మందిరములో నిలబడితే నాకు మన పాత మిషను బంగళాలు జ్ఞాపకము వచ్చాయి. గోడల మందము, కిటికీల తీరు అటువంటివే. నీటిరంగులతో ఆ ఎడారి కొండలను చిత్రించి పేరుపొందిన ఆల్బర్ట్ నమజిరా 1902లో జన్మించినది ఆ గ్రామములోనే. జర్మను లూథరన్ కీర్తనలను స్వంత భాషలో పాడుకొనే అక్కడి చుట్టుప్రక్కల స్త్రీల గాయక బృందము 2015లో జర్మనీకి వెళ్ళి, ఆ కీర్తనలను అక్కడివారికే పాడి వినిపించినది.

అడిలైడుకు తిరిగిపోవలసిన సమయము వచ్చినది. అన్నగారు కారుకు కారవాన్ తగిలిస్తూ, "దక్షిణానికా, ఉత్తరానికా?" అని అడిగారు. "ఆ రాయి చేరిన చోటు చూడాలి" అన్నారు వదినగారు. అంటే పోను రాను మరి 800 కిలోమీటర్లు, పెట్రోలు ఖర్చు వేరు. అన్నగారు మారు పలుకకుండా ఉత్తరానికి తిప్పారు.

కార్లు కార్లు పెద్ద రోడ్డు ప్రక్కనే ఉన్నది. వందలాది గ్రానైటు గుండ్లు, కొన్ని మోకాలి ఎత్తు, కొన్ని మేడంత. ఒకదానిమీద ఒకటి పడిపోతున్నట్లు నిలిచి ఉంటాయి. ఎవరో పేర్చినవి కావు. ఒకప్పుడు నేలలోపల ఉన్న ఒకే గ్రానైటుకు అడ్డము నిలువు పగుళ్ళు వచ్చి, ఆ పగుళ్ళలో నీరు ఇంకి మూలలను ముందుగా తినివేయగా, చదరపు ముక్కలు గుండ్రముగా మారాయి. పైమట్టి కొట్టుకుపోయిన తరువాత గుండ్లు మిగిలాయి. హైదరాబాదు చుట్టుప్రక్కల, రాయలసీమలో మనము చూచే దొంతర గుండ్లు తయారైన విధము కూడా ఇదే. తేడా ఏమనగా, మనవాటిని కంకరకు, బండలకు కొట్టివేస్తున్నాము. వీరు 2008లో ఆ స్థలమును దాని మొదటి యజమానులకు తిరిగి ఇచ్చి, వారితో కలిసి కాపాడుతున్నారు.

ఫ్లిన్‌గారి సమాధినుండి తిరిగి వచ్చిన రాయి ఏదో అన్నగారు చాలా వెదికారు. "అదేనేమో, ఇదేనేమో" అంటూ చీకటిపడేవరకు తిరిగారు. మాకు తెలియలేదు. అన్ని గుండ్లలో అదీ ఒక గుండు.

కారవాన్ ప్రక్కన మడతకుర్చీలు వేసుకొని, పప్పు, అన్నము, దాచిన గోంగూర పచ్చడి తిన్నాము. అక్కడ ఫోను పలుకలేదు. మరునాడు ఉదయము ఉత్తరముగా వంద కిలోమీటర్ల దూరములోని టెన్నంట్ క్రీక్ ఊరికి పెట్రోలుకొరకు వెళ్ళినప్పుడు వదినగారు గూడూరులో ఉన్న మా అత్తగారికి ఫోను కలిపి, తీసిన బొమ్మలన్నీ ఒక్కొక్కటి పంపి చూపించారు. మా అత్తగారి పుట్టిల్లు మదనపల్లె ప్రక్కన. ఆమె కళ్ళద్దాలు సవరించుకొని అన్నీ చూచి, "ఇవి మా ఊరి గుండ్లే కదే! వీటికోసమా అంత దూరం పోయారు? సరే గాని, నువ్వు డిసెంబరుకన్నా వస్తావా, రావా? మీ నాన్న బండ దగ్గర గడ్డి పెరిగిపోయింది" అన్నారు.

వదినగారు అన్నగారివైపు చూచారు. అన్నగారు పెట్రోలు గొట్టము చేతిలో పట్టుకొనే, "టిక్కెట్లు చూడమను" అన్నారు.